కోల్డ్ స్టోరేజీ బిల్లుల భాష, వెర్షన్ 3: ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి హడావిడి అయ్యాక

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు సంగతేంటో చెప్తా. మేం ముగ్గురం, బ్రాడీపేటలో మేడ మీద ఒక గది, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకి స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడతాం. ఇక్కడ వాటిని ఎవరూ కోల్డ్ స్టోరేజీ అనరు, ఏసీ అంటారు, సరుకు ఏసీలో పెట్టాం అంటారు, నేనూ అట్టాగే రాస్తా. ఒక్కో ఏసీకి ఒక్కో లెక్క. ఒకాయన టిక్కీకి (మిర్చి బస్తాకి) సీజన్ మొత్తానికి ఇంత అని తేల్చేస్తాడు, ఇంకొకాయన నెలల లెక్క అంటాడు, హమాలీ దింపేటప్పుడు రైతు కట్టాలా ఎత్తేటప్పుడు కొన్నవాళ్ళు కట్టాలా, సరుకు మీద అప్పిస్తే వడ్డీ ఏ తారీఖు నుంచి, సగం టిక్కీలు ముందే తీసుకెళ్తే మిగతావాటికి అద్దె ఎట్టా... ఇవన్నీ కోడ్‌లో ఇఫ్‌లూ ఎల్స్‌లూ పెట్టి రాస్తే ఏసీకి ఒక సాఫ్ట్‌వేర్ మెయింటెయిన్ చేయాల్సొస్తది.

అందుకని చిన్న మోడలింగ్ లాంగ్వేజ్, అంటే ఈ నిబంధనలు రాయడానికే ఒక భాష, చేసుకున్నాం, పైథాన్‌లో టెక్స్ట్‌ఎక్స్ అనే లైబ్రరీ మీద. గ్రామర్ రాస్తే చాలు, ఫైలు చదివి అర్థం చేసుకునే పార్సరూ అదే ఇస్తుంది, మెటామోడల్ క్లాసులూ, అంటే భాషలో దేనికి ఏ ఫీల్డులు ఉంటాయో చెప్పే క్లాసులూ, అదే తయారు చేస్తుంది. ఏసీకి ఒక ఫైలు, అందులో తెలుగు కీవర్డులతో నిబంధనలు, అకౌంట్స్ చూసేవాళ్ళు కూడా చదివి అర్థం చేసుకునేట్టు. ఆ ఫైలు మీద నాలుగు జనరేటర్లు (ఫైలు చదివి కోడో కాయితమో తయారు చేసే ప్రోగ్రాములు) నడుస్తాయి: డేటాబేస్ టేబుళ్ళు, సర్వర్‌లో లెక్క కట్టే పైథాన్ కోడ్, గేటు దగ్గర కుర్రాళ్ళు వాడే ఆండ్రాయిడ్ యాప్‌కి కోట్లిన్ క్లాసులు, ఇంకోటి రసీదు ప్రింటు. టెంప్లేట్లన్నీ, అంటే ఖాళీల్లో విలువలు నింపే నమూనాలు, జింజా అనే పైథాన్ లైబ్రరీలోనే.

ఫైల్లో ముక్క ఇట్టా ఉంటుంది (అంకెలు ఉత్తుత్తివే):

భాష 2
అద్దె టిక్కీకి 200 సీజన్‌కి
హమాలీ దింపుడు 10 ఎవరు రైతు
రకాలు తేజ, 341, బాడిగ, తాలు

ఈ సీజన్‌కి ఓనర్లు అడిగిన మార్పులు: టిక్కీ బరువు అందరిదీ ఒకేలా ఉండదు కాబట్టి అద్దె బరువు శ్లాబుల మీద కావాలి, సీజన్ దాటిపోయిన సరుక్కి లేట్ ఛార్జీ, దానికి మినహాయింపు రోజులు, ఇన్సూరెన్స్ విడిగా ఒక ఛార్జీగా కనపడాలి, రకాల లిస్టు వాళ్ళే మార్చుకునేట్టు ఉండాలి. భాష మార్చడం నాకు సాయంత్రం పని. నాలుగు జనరేటర్లూ ఆ మార్పుని ఒకేలా అర్థం చేసుకున్నాయని నమ్మకం కుదరడం, అది అసలు పని. ఈ డైరీ దాని గురించే.

ఫిబ్రవరి మొదట్లో: పేరు మార్పు

మొదట తేలికది పట్టుకున్నాం. అద్దెలో రేటు అనే ఫీల్డు పోయి దాని స్థానంలో శ్లాబుల లిస్టు, ఒక్కో శ్లాబులో మొత్తం అనే ఫీల్డు. గ్రామర్ మార్చి, ఒక ఏసీ ఫైలు కొత్త పద్ధతిలో తిరగరాసి, జనరేటర్లు అన్నీ ఒకసారి నడిపాం.

పైథాన్ జనరేటర్ వెంటనే దొరికిపోయింది, ఎందుకంటే గుణకారం గుర్తు తర్వాత ఏమీ లేని లైను వచ్చింది, పైథాన్ దాన్ని తీసుకోదు. కోట్లిన్ కూడా కంపైల్ దగ్గరే ఆగింది. టేబుళ్ళు సరే. రసీదు మాత్రం చక్కగా ప్రింటయింది, ఒక్క ఎర్రరూ లేదు, “టిక్కీకి రూ.” అని ఉంది, దాని పక్కన ఖాళీ. జింజా అలవాటు అది, లేని పేరు అడిగితే ఖాళీ స్ట్రింగు ఇచ్చేసి ఊరుకుంటుంది. వెబ్ పేజీలకి అది దయగల అలవాటే గానీ కోడ్ జనరేటర్‌కి మాత్రం విషం. ఔట్‌పుట్ ఒక భాష అయితే, అంటే పైథానో కోట్లినో అయితే, దాని కంపైలర్ మన తరఫున కాపలా కాస్తుంది, ఔట్‌పుట్ మనిషి చదివే కాయితం అయితే కాపలా ఎవరూ లేరు. ఇది మనసులో పెట్టుకుని మిగతాదంతా చదవండి.

సరే, జింజాలో స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ అని ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే లేని పేరు తాకగానే ఎర్రర్ ఇస్తుంది. ఒక లైను మార్పే కదా అని పెడితే పాత టెంప్లేట్లు బోలెడు పేలినాయి. అవేంటంటే, ఛార్జీల లిస్టులో హమాలీకి నోటు అనే ఫీల్డు ఉంటుంది, అద్దెకి ఉండదు, టెంప్లేట్‌లో “నోటు ఉంటే ప్రింట్ చెయ్” అని ఇఫ్ పెట్టి రెండిటికీ అదే వాడేస్తున్నాం. పాత పద్ధతిలో లేని ఫీల్డు అబద్ధం కింద లెక్క కాబట్టి నడిచిపోయింది. స్ట్రిక్ట్‌లో ఇఫ్‌లో పెట్టి అడిగినా ఎర్రరే, “డిఫైన్డ్ అయ్యిందా” అని స్పష్టంగా అడగాలి. ఒక్కోటీ కూర్చుని మార్చాం, విసుగు పని, కానీ మార్చేటప్పుడు చూస్తే కొన్ని ఇఫ్‌లు ఎప్పుడో తీసేసిన ఫీల్డుల కోసం కాపు కాస్తున్నాయి, అవి తీసి పారేశాం.

అదే వారం: టెంప్లేట్‌ని నడపకుండా చదవడం

స్ట్రిక్ట్ పెట్టినా ఒక చిక్కుంది. ఆ లైను దాకా పని వెళ్తేనే ఎర్రర్. ఏ ఏసీ ఫైల్లోనూ నెలవారీ అద్దె లేకపోతే నెలవారీ అద్దె కొమ్మ ఎప్పటికీ నడవదు, దాన్లో పాత పేరు పడున్నా ఎవరికీ తెలీదు, వచ్చే సీజన్‌లో కొత్త కస్టమర్ వచ్చిన రోజు బయటపడుద్ది, అది కూడా వాళ్ళ ముందు.

కాబట్టి టెంప్లేట్లని నడపకుండా పార్స్ మాత్రం చేసి చూసే చిన్న స్క్రిప్టు రాశాం. జింజా ఎన్విరాన్‌మెంట్‌కి పార్స్ అనే ఫంక్షన్ ఉంది, అది సింటాక్స్ ట్రీ ఇస్తుంది, అందులోంచి గెట్‌ఆట్రిబ్యూట్ నోడ్లన్నీ (చుక్క పెట్టి ఫీల్డు అడిగిన చోట్లు) ఏరితే ఏ లైనులో ఏ ఫీల్డు అడిగారో వచ్చేస్తుంది. ఇటు పక్క టెక్స్ట్‌ఎక్స్ తయారు చేసిన ప్రతి క్లాసు మీద దాని ఫీల్డుల పట్టిక ఉంటుంది, పేరు, టైపు, ఒకటా చాలానా అన్నీ. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడమే.

మొదటి వెర్షన్ పేర్లు మాత్రమే పోల్చింది: టెంప్లేట్ అడిగిన పేరు మెటామోడల్‌లో ఎక్కడైనా ఉందా లేదా. మొరటు పద్ధతే, అయినా నడవని కొమ్మల్లో దాక్కున్నవి చాలా దొరికినాయి. తర్వాత మా తమ్ముడు (సొంత తమ్ముడు కాదు, టీమ్‌లో చిన్నోడు) దానికి టైపులు కూడా నేర్పాడు, రూట్ వేరియబుల్ ఏ క్లాసో మనకి తెలుసు, అక్కణ్ణుంచి ఫర్ లూపు ఏ లిస్టు మీద తిరుగుతుందో చూస్తే లోపలి వేరియబుల్ టైపు తెలుస్తుంది, అట్టా దిగుకుంటూ పోవడమే. మాక్రోల (టెంప్లేట్లలో మళ్ళీ మళ్ళీ వాడే ముక్కలు) దగ్గర ఆగిపోద్ది, లోపలికి ఏం వస్తుందో మాక్రోకి తెలీదు కదా, అక్కడ పైన కామెంట్‌లో టైపు రాయాలి అని రూలు పెట్టుకున్నాం.

ఈ స్క్రిప్టులో అసలు లాభం నాకు రెండో రిపోర్టు దగ్గర తగిలింది. మొదటి రిపోర్టు “టెంప్లేట్ అడుగుతోంది, భాషలో లేదు”. దాన్ని తిప్పి అడిగాం: “భాషలో ఉంది, ఈ జనరేటర్ ఎక్కడా ముట్టుకోలేదు”. ఇది ఎందుకు గొప్పదో ఇన్సూరెన్స్ దగ్గర అర్థమైంది.

ఫిబ్రవరి నెలాఖరు: ఇన్సూరెన్స్

కొత్త సరుకు మిర్చి యార్డులోకి జోరుగా వస్తున్న రోజులు, చిలకలూరిపేట రోడ్డంతా టిక్కీల లారీలు, గాలిలో ఘాటు, ఏసీల దగ్గర ఎవరికీ మనతో మాట్లాడే తీరిక లేదు. అయినా ఒక ఏసీలో పాత సాఫ్ట్‌వేర్ పక్కనే కొత్తది ట్రయల్‌గా పెట్టనిచ్చారు.

ఇన్సూరెన్స్ అనేది ఛార్జీలో కొత్త రకంగా గ్రామర్‌లో చేర్చాం. పాత ఫైలు ఒక్కటీ చెడలేదు, అన్నీ పార్స్ అయినాయి. జనరేటర్లు నాలుగూ ఎర్రర్ లేకుండా నడిచినాయి. అక్కడ గుమస్తా బాబాయ్ ఒకాయన ఉన్నాడు, కాలిక్యులేటర్ కూడా తీయడు, రసీదు చేతిలోకి తీసుకుని వేలు పెట్టి పైనుంచి కిందకి వచ్చి,

“అబ్బాయ్, ఇవి కూడితే ఇంత రాదే?”

“వస్తది బాబాయ్, సర్వర్ కట్టిన లెక్క అది.”

“సర్వర్ సంగతి నాకెందుకు, కాయితం మీద కూడి చూడు. రైతు అడిగితే నీ సర్వర్ని చూపించనా?”

నిజమే. మొత్తంలో ఇన్సూరెన్స్ కలిసింది, వివరాల్లో ఆ లైను లేదు. సర్వర్ కోడ్ ప్రతి ఛార్జీకి మొత్తం అడిగి కూడుతుంది, అది రకం పట్టించుకోదు, కాబట్టి కలిసిపోయింది. రసీదు టెంప్లేట్ మాత్రం “అద్దె అయితే ఇట్టా, హమాలీ అయితే ఇట్టా, వడ్డీ అయితే ఇట్టా” అని ఇఫ్‌ల గొలుసు, కొత్త రకం వస్తే ఏ ఇఫ్‌లోనూ పడదు, గమ్మున దాటిపోతుంది. స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ ఏమీ చేయలేదు, అక్కడ ఎవరూ లేని పేరు అడగలేదు కదా.

కోట్లిన్ వైపు ఈ సమస్య రాలేదు, ఛార్జీని సీల్డ్ క్లాసుగా (దాని రకాలన్నీ కంపైలర్‌కి ముందే తెలిసే క్లాసు) జనరేట్ చేస్తాం, గేటు యాప్‌లో చేత్తో రాసిన వెన్ బ్లాకులు (ఏ రకానికి ఏం చేయాలో చెప్పేవి) దాని మీద నడుస్తాయి, కోట్లిన్ 1.7 నుంచి సీల్డ్ క్లాసు మీద వెన్‌లో ఒక రకం వదిలేస్తే కంపైలే కాదు. జింజాలో అట్టాంటి కాపలా మనమే కట్టుకోవాలి. ఇఫ్‌ల గొలుసు మొత్తం పీకేసి, ఛార్జీ రకానికి ఒక చిన్న టెంప్లేట్ ఫైలు పెట్టి, రకం పేరుతో ఫైలు పేరు కట్టి ఇన్‌క్లూడ్ చేస్తున్నాం. ఆ ఫైలు లేకపోతే జింజా టెంప్లేట్ నాట్ ఫౌండ్ అని అరుస్తుంది (ఇగ్నోర్ మిస్సింగ్ అని మాత్రం రాయకూడదు, రాస్తే మళ్ళీ మొదటికే). కొత్త రకం ఒక ఏసీ ఫైల్లో వాడిన నిమిషానికే ఇప్పుడు ప్రతి జనరేటరూ “నా దగ్గర దీనికి ఫైలు లేదు” అంటుంది.

ఇంకా ఆ రెండో రిపోర్టుని తప్పనిసరి చేశాం. భాషలో ఉన్న ప్రతి ఫీల్డునీ ప్రతి జనరేటరూ వాడాలి, వాడకపోతే “అక్కర్లేదు” అనే ఫైల్లో ఆ ఫీల్డు పేరూ, ఎందుకు అక్కర్లేదో ఒక వాక్యమూ రాయాలి. రాయకపోతే బిల్డ్ ఆగుద్ది. ఒక వాక్యం రాయాల్సొస్తే మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు, నాకు కావాల్సింది ఆ క్షణమే.

దీని మీద చదివింది

మోడలింగ్ లాంగ్వేజ్ మారితే ఏం చేయాలి అన్నది కొత్త ప్రశ్నేం కాదు. ఎక్లిప్స్ ఈఎంఎఫ్ (మోడలింగ్ భాషలు చేసుకునే పనిముట్లు) వాళ్ళ లోకంలో దీని మీద చాలా పని జరిగింది. 2007లో గ్రుష్కో, కొలోవోస్, పెయిజ్ అనే ముగ్గురు మెటామోడల్ మార్పుల్ని మూడు బుట్టల్లో వేశారు: మోడళ్ళని (మా ఏసీ ఫైళ్ళ లాంటివి) చెడగొట్టనివి, చెడగొట్టినా ఆటోమేటిగ్గా బాగుచేయగలిగేవి, మనిషి కూర్చుంటే గానీ బాగుపడనివి. ఐచ్ఛికమైన ఫీల్డు చేర్చడం మొదటి బుట్ట, పేరు మార్చడం రెండోది, తప్పనిసరి ఫీల్డు కొత్తగా పెట్టడం లాంటివి మూడోది. తర్వాత కోప్ అనే పని వచ్చింది, అదే ఎక్లిప్స్‌లో ఎడాప్ట్ అయింది, మెటామోడల్‌ని మార్చేటప్పుడే ఆ మార్పుని ఒక ఆపరేషన్‌గా రికార్డు చేసుకుంటే మోడళ్ళ మైగ్రేషన్ (పాతవాటిని కొత్త భాషలోకి మార్చడం) దాంతోనే వస్తుంది అని. ఎప్సిలాన్‌లో ఫ్లాక్ అని ఒకటుంది, మైగ్రేషన్ రూల్స్ రాసుకోడానికే ఒక భాష, మారనివాటిని అదే కాపీ చేస్తుంది, మారినవాటికి మాత్రం మనం రూలు రాయాలి.

ఆ బుట్టలు మోడళ్ళ వైపు నుంచి చూసి కట్టినవి. జనరేటర్ కుర్చీలో కూర్చుని చూస్తే వరస తిరగబడుతుంది, నా వాదన ఇదే. పేరు మార్పు గోల చేస్తుంది, దొరికిపోతుంది, అరగంటలో అయిపోతుంది. చెడగొట్టని మార్పు అని మొదటి బుట్టలో వేసిందే, అంటే చేర్పు, జనరేటర్‌కి అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఏదీ ఆగదు, అన్నీ నడుస్తాయి, తప్పు ఔట్‌పుట్ బయటికి వెళ్ళిపోతుంది.

ఇంకో రకం ఉంది, అది ఏ బుట్టలోనూ సరిగ్గా పట్టదు: ఆకారం మారకుండా అర్థం మారడం. సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మలుగా గీసే భాష యూఎంఎల్ దీనికి మంచి ఉదాహరణ. 1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 1.1 తీసుకుంది, 2005లో 2.0 వచ్చింది. పాత యూఎంఎల్‌లో యాక్టివిటీ డయాగ్రామ్ అంటే స్టేట్ మెషీన్‌లోనే ఒక ప్రత్యేక రకం, 2.0లో దాన్ని విడదీసి టోకెన్లు ప్రవహించే పద్ధతికి, పెట్రీ నెట్ల తరహాకి మార్చారు. బొమ్మ గీస్తే దాదాపు అదే బొమ్మ. దాన్నుంచి కోడ్ తీసే జనరేటర్ మాత్రం రెండిటికీ ఒకటే అనుకుంటే పోయినట్టే. ఇప్పుడు సిస్ఎంఎల్ (సిస్టమ్స్ ఇంజనీరింగ్ వాళ్ళ మోడలింగ్ భాష) వెర్షన్ 2 ఇంకో మెట్టు ఎక్కింది, మొదటిది యూఎంఎల్ ప్రొఫైల్, రెండోది యూఎంఎల్‌ని వదిలేసి కెర్ఎంఎల్ అనే కొత్త పునాది మీద కట్టుకున్నారు, టెక్స్ట్ రూపం కూడా ఇచ్చారు, ఓఎంజీ 2025లో ఆమోదించింది. పాత దాని మీద జనరేటర్లు కట్టుకున్న వాళ్ళది మా నాలుగు జనరేటర్ల బాధకి పెద్దన్న లాంటి బాధ.

మార్చి: సున్నా, రాయకపోవడం

అర్థం మారడం అన్నానుగా, అది మాకు మినహాయింపు రోజుల రూపంలో వచ్చింది.

గ్రామర్‌లో ఐచ్ఛికం. ఫైల్లో “మినహాయింపు 0” అని ఉంటే సీజన్ అయిన మర్నాటి నుంచే లేట్ ఛార్జీ పడాలి. అసలు రాయకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తాను లేట్ ఛార్జీ వేయకూడదు, ఓనర్ మాట మీద నడవాలి, ఊళ్ళో రైతులతో మొహమాటాలు ఉంటాయి కదా, అది ఆయన చూసుకుంటాడు. రెండూ వేరు వేరు సంగతులు. కానీ టెక్స్ట్‌ఎక్స్ మామూలుగా, రాయని ఐచ్ఛిక ఫీల్డు ఇంటిజర్ అయితే సున్నా పెట్టేస్తుంది, స్ట్రింగైతే ఖాళీ. అంటే జనరేటర్ దగ్గరికి వచ్చేసరికి రాసిన సున్నాకీ రాయనిదానికీ తేడా చెరిగిపోయింది. పాత ఫైళ్ళన్నిటికీ మర్నాటి నుంచే లేట్ ఛార్జీ వేసే కోడ్ తయారైంది.

ఇది గోల్డెన్ ఫైళ్ళ వల్ల, అంటే దాచుకున్న పాత ఔట్‌పుట్‌తో పోల్చి చూడటం వల్ల దొరికింది. జనరేట్ అయిన ఔట్‌పుట్ అంతా మేం గిట్‌లో పెట్టుకుంటాం. చాలామంది జనరేట్ అయిన కోడ్ గిట్‌లో పెట్టకూడదు అంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళవి, నేను మాత్రం పెడతా, ఎందుకంటే భాషకి ఏదన్నా చేర్చినప్పుడు ఆ కొత్త ఫీచర్ వాడని ఫైలుకి గిట్ డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) సున్నా లైన్లు రావాలి. ఒక్క లైను వచ్చినా భాషలో చేర్పు కాదు, అర్థం మార్పు జరిగిందన్నమాట. ఆ రోజు ఒక్క ఫైలూ మినహాయింపు లేకుండా అన్నిటికీ డిఫ్ వచ్చింది.

టెక్స్ట్‌ఎక్స్‌లో దీనికి ఒక స్విచ్ ఉంది, ఆటో ఇనిట్ ఆట్రిబ్యూట్స్ అని, దాన్ని ఆపేస్తే రాయని ఫీల్డుకి నన్ (None, అంటే విలువ ఏమీ లేదని) వస్తుంది. ఆపాం. అప్పుడు ఇంకో తమాషా, ఇన్నాళ్ళూ ఖాళీ స్ట్రింగుగా ఉన్న ఫీల్డులన్నీ నన్ అయిపోయి రసీదు మీద ఇంగ్లీషులో ఆ మాటే అచ్చయి వస్తోంది, “వివరం: నన్” అన్నట్టు. స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ దీన్నీ పట్టదు, ఫీల్డు ఉంది, విలువ నన్, జింజా దృష్టిలో అది డిఫైన్డే. జింజా ఎన్విరాన్‌మెంట్‌లో ఫైనలైజ్ అని ఒక హుక్ ఉంది, ప్రింటయ్యే ప్రతి విలువా బయటికెళ్ళే ముందు దాని గుండా పోతుంది, అక్కడ నన్ కనపడితే ఎర్రర్ ఇచ్చేట్టు రాశాం. ఇప్పుడు టెంప్లేట్ రాసేవాడు రాయని ఫీల్డుకి ఏం చేయాలో చెప్పి తీరాలి.

ఛార్జీల వరకు మధ్యలో ఒక పొర కూడా పెట్టాం. జనరేటర్లు టెక్స్ట్‌ఎక్స్ ఆబ్జెక్టుల్ని నేరుగా చూడవు, పైథాన్ డేటాక్లాసుల్ని చూస్తాయి, భాష నుంచి వాటికి మార్చే కోడ్ ఒక్కచోటే ఉంటుంది. “లేట్ ఛార్జీ విధానం” అని అందులో స్పష్టంగా మూడు రకాలు: ఓనర్ ఇష్టం, వెంటనే, ఇన్ని రోజుల తర్వాత. సున్నా అంటే ఏంటి అనే ప్రశ్నకి జవాబు ఒకేచోట ఒకేసారి. మొత్తం భాషకి ఈ పొర పెడదామా అని వాదన నడిచింది, నేను వద్దన్నా. ముగ్గురం ఉన్న టీమ్‌కి ప్రతి చిన్న ఫీల్డూ మూడుచోట్ల రాయడం దండగ, అర్థం తిరకాసుగా ఉన్నచోట మాత్రం పొర, మిగతాచోట ఆ రిపోర్టు చాలు.

రకాలు, పొల్లులు

రకాల లిస్టు గ్రామర్‌లో కీవర్డులుగా ఉండేది, తేజ, 334, 341, బాడిగ, తాలు అని. కొత్త విత్తనం వచ్చినప్పుడల్లా భాష మార్చి నాలుగు జనరేటర్లు నడిపి కొత్త యాప్ పంపడం అర్థంలేని పని, రకం అనేది భాష కాదు, డేటా. తీసేసి పేరు ఏదైనా రాసుకోండి అని పెట్టాం. జనరేటర్లు భాషతో పాటు పరిగెత్తడానికి చౌకైన దారి ఇదే, భాషని తక్కువసార్లు మార్చాల్సొచ్చేట్టు చూసుకోవడం. కోట్లిన్‌లో ఈనమ్ (ముందే బిగించేసిన విలువల లిస్టు) పోయింది, 341 అంకెతో మొదలవుద్ది కాబట్టి ముందు ఏదో అక్షరం తగిలించే చెత్త కోడూ దాంతోపాటే పోయింది.

అయితే టెక్స్ట్‌ఎక్స్‌లో పేర్లకి ఉన్న ఐడీ అనే రెడీమేడ్ రూలు వాడితే “తేజ” దగ్గరే పార్సర్ ఆగిపోయింది. కారణం పైథాన్ రెగెక్స్ (అక్షరాల నమూనాలు పోల్చే పద్ధతి). దానికి వర్డ్ క్యారెక్టర్ అంటే అక్షరమో అంకెనో అండర్‌స్కోరో, మన గుడింతాలు, పొల్లు యూనికోడ్‌లో కంబైనింగ్ మార్కులు, వాటిని ఒప్పుకోదు. కాబట్టి “త” తీసుకుని ఏత్వం దగ్గర మాట అయిపోయింది అనుకుంటుంది. విచిత్రం ఏంటంటే అదే తేజ అనే మాట పైథాన్‌లో వేరియబుల్ పేరుగా పెడితే శుభ్రంగా నడుస్తుంది. ఐడీ వదిలేసి తెలుగు యూనికోడ్ బ్లాకు మొత్తాన్నీ అంకెల్నీ ఒప్పుకునే సొంత రూలు రాసుకున్నాం.

ఫోన్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిన ఫైళ్ళతో ఇంకో గోల. చివర పొల్లు ఉన్న మాటకి, ఇన్సూరెన్స్ లాంటిదానికి, కొన్ని కీబోర్డులు వెనకాల కంటికి కనపడని నాన్-జాయినర్ అనే గుర్తు ఒకటి తగిలిస్తాయి. చూస్తే అదే మాట, పార్సర్‌కి వేరే మాట. పార్స్ చేసే ముందు కీవర్డుల చివర్నుంచి దాన్ని తీసేస్తున్నాం, కోట్స్‌లో ఉన్న పేర్ల జోలికి మాత్రం పోం, అక్కడ అది ఉంటేనే అక్షరాలు సరిగ్గా కనపడతాయి.

ఏప్రిల్: పాత ఫైళ్ళు, పాత సరుకు

ఫైలు మొదట్లో “భాష 2” అని వెర్షన్ రాసే అలవాటు మొదటినుంచీ ఉండటం కలిసొచ్చింది. పాత గ్రామర్లన్నీ రిపాజిటరీలో అట్టాగే ఉంచాం, 2ని 3కి మార్చే స్క్రిప్టు పాత గ్రామర్‌తో చదవాలి కదా.

మైగ్రేషన్‌లో ఒక్క విషయం చెప్పుకోవాలి. ఫైలు పార్స్ చేసి, ఆబ్జెక్టులు మార్చి, మళ్ళీ టెక్స్టుగా రాస్తే కామెంట్లు పోతాయి. ఈ ఫైళ్ళలో కామెంట్లే సగం ఆస్తి, “ఈ రేటు పెద్దాయన ఫోన్‌లో ఒప్పుకున్నది, మార్చొద్దు” లాంటివి. అందుకని టెక్స్ట్‌ఎక్స్ ప్రతి ఆబ్జెక్టుకీ ఇచ్చే మొదలు స్థానం, చివరి స్థానం తీసుకుని, ఆ ముక్క మాత్రం కత్తిరించి కొత్తది అతికిస్తున్నాం, ఫైలు చివర్నుంచి మొదటికి వస్తూ, లేకపోతే మొదటి అతుకుతోనే మిగతా స్థానాలన్నీ జరిగిపోతాయి. అద్దె ముక్క “ఏ బరువైనా ఇంత” అనే ఒకే శ్లాబుగా మారింది, దాంతో డిఫ్ సున్నా రావాలి అనే పరీక్ష దీనికీ పెట్టాం. జనరేట్ అయిన ఔట్‌పుట్‌లో మొదటి లైన్లో వెర్షన్ అంకె తప్ప ఇంకేమీ మారలేదు అని తేలాకే ఒక్కో ఏసీకి పంపాం.

పాత సరుకు సంగతి వేరు. పోయిన సీజన్‌లో పెట్టిన టిక్కీలు రేటు కోసం ఇంకా ఏసీల్లోనే ఉన్నాయి, వాటికి అప్పటి ఒప్పందమే వర్తిస్తుంది, కొత్త నిబంధనలు కాదు. కాబట్టి పాత భాష నుంచి జనరేట్ అయిన లెక్క కోడ్ చెరపలేం, సీజన్ పేరుతో విడి మాడ్యూల్‌గా పక్కనే బతకాలి, రసీదు నంబరు చూసి ఏ మాడ్యూలో సర్వర్ తేలుస్తుంది. అంటే పాత జనరేటర్‌లో బగ్ దొరికితే దాన్నీ సరిచేయాలి, కాబట్టి పాత టెంప్లేట్లు కూడా ట్యాగ్ వేసి ఉంచాం. జనరేట్ అయిన ఫైలు మీద చేత్తో దిద్దడం మాత్రం ఎవరైనా సరే నిషేధం, చేత్తో రాయాల్సింది ఉంటే జనరేట్ అయిన క్లాసుని బేస్‌గా తీసుకుని వేరే ఫైల్లో సబ్‌క్లాసు. దీన్ని జనరేషన్ గ్యాప్ అంటారు, జాన్ వ్లిసిడిస్ 1996లోనే రాశాడు. ఈఎంఎఫ్‌లో అయితే అదే ఫైల్లో మెథడ్ మీద “జనరేటెడ్ నాట్” అని రాస్తే జనరేటర్ దాన్ని ముట్టుకోదు, ఆ పద్ధతి నాకు నచ్చదు, భాష మారి చుట్టూ ఉన్న కోడ్ అంతా మారినా ఆ ఒక్క మెథడ్ పాత అర్థంతో అక్కడే కూర్చుంటుంది.

పెండింగ్: సగం టిక్కీలు ముందే తీసుకెళ్ళినప్పుడు శ్లాబు మొత్తం బరువు మీదా మిగిలిన బరువు మీదా అన్నది ఇద్దరు ఓనర్లు రెండు రకాలుగా చెప్పారు, భాషలో దానికి ఫీల్డు కావాలి, డిఫాల్టు ఉండకూడదు. రైతుకి ఎస్ఎంఎస్ పంపే ఐదో జనరేటర్ అడుగుతున్నారు, అది కూడా మనిషి చదివేదే, కాబట్టి ఇన్‌క్లూడ్ పద్ధతి, ఫైనలైజ్ హుక్ మొదటిరోజు నుంచే ఉండాలి. మాక్రోలకి టైపు కామెంట్లు రసీదు టెంప్లేట్లకే పూర్తయినాయి, మిగతావి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చి ఫోన్లు తగ్గాక.